బట్టీకి లొంగని బయోకెమిస్ట్రీ

ఇంటర్ బైపీసీ అయిపోయి, నీట్‌లో ఎంబీబీఎస్ సీటుకు సరిపోయే ర్యాంకు రాక, డిగ్రీలో ఏదో ఒక గ్రూపు ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు చాలామంది చూపు జీవుల్లో జరిగే రసాయన చర్యలను చదివే బయోకెమిస్ట్రీ మీద పడుతుంది. అందులో బయాలజీ ఉంది, కెమిస్ట్రీ ఉంది, ఆసుపత్రికి దగ్గరగా ఉన్న చదువనే భరోసా కూడా ఉంది. బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) కంటే కొత్తగా వినిపిస్తుంది. మైక్రోబయాలజీతోనో బయోటెక్నాలజీతోనో కలిపి దీన్ని చెప్పే కాలేజీలు హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖ, తిరుపతి లాంటి ఊళ్లలో దొరుకుతాయి. చేరడం తేలికే. మొదటి ఇంటర్నల్స్ నాటికి మాత్రం క్లాసులో సగం మందికి ఒకే టెన్షన్ పట్టుకుంటుంది: ఎంత చదివినా గుర్తుండటం లేదు.

దానికి కారణం జ్ఞాపకశక్తి తక్కువ కావడం కాదు. బైపీసీ పిల్లలు లెక్కల్ని పదో తరగతితోనే వదిలేసి వస్తారు. బోటనీ, జువాలజీల్లో బొమ్మలు, పేర్లు, తేడాలు గుర్తుపెట్టుకుని మార్కులు తెచ్చుకున్న అలవాటు వాళ్లది. బయోకెమిస్ట్రీ కూడా పైకి అలాగే కనిపిస్తుంది. గ్లూకోజ్‌ను విడగొట్టే గ్లైకాలిసిస్‌లో పది మెట్లు, ఆ తర్వాత వచ్చే క్రెబ్స్ సైకిల్‌లో ఎనిమిది మెట్లు, ఇరవై అమైనో ఆమ్లాలు, పదమూడు విటమిన్లు. అంతా వరసగా బట్టీ పడితే చాలనిపిస్తుంది. కానీ ఈ సబ్జెక్టుకు పునాది లెక్క. ఎంత శక్తి వచ్చింది, ఎన్ని ప్రోటాన్లు దాటాయి, ఎంత గాఢతలో ఎంజైమ్ సగం వేగం అందుకుంది అన్న ప్రశ్నల చుట్టూ ఇది పెరిగింది. ఆ లెక్కను పక్కనపెట్టి మిగిలినదాన్ని కంఠస్థం చేయబోతే మిగిలేది పేర్ల కుప్ప. మన డిగ్రీ కాలేజీల్లో బయోకెమిస్ట్రీ కష్టమైన సబ్జెక్టుగా పేరు తెచ్చుకోవడానికి ప్రధాన కారణం ఇదే.

ఇంటర్లో అందరూ చదివే ఒక అంకెను తీసుకుంటే ఈ సంగతి బాగా తెలుస్తుంది. ఒక గ్లూకోజ్ అణువు పూర్తిగా ఆక్సీకరణం చెందితే కణం ఖర్చుపెట్టే శక్తి నాణేల్లాంటి ఏటీపీ అణువులు ఎన్ని వస్తాయి? ఇంటర్ చదివిన పిల్లలు 38 అంటారు, లేదా 36 అంటారు. డిగ్రీ పుస్తకం తెరిస్తే 32, లేదా 30 అని ఉంటుంది. బట్టీ పట్టే విద్యార్థి పాత అంకె కొట్టేసి కొత్త అంకె రాసుకుంటాడు. కొత్త సంఖ్య ఎలా వచ్చిందో చూసేవాళ్లకు మాత్రం కణంలో ఎక్కువ ఏటీపీని తయారుచేసే మైటోకాండ్రియా పనిచేసే తీరు మొత్తం అందులోనే దొరుకుతుంది.

గ్లూకోజ్ నుంచి ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే అణువులు, మొత్తం 10 ఎన్‌ఏడీహెచ్, 2 ఎఫ్‌ఏడీహెచ్2 వస్తాయి. నేరుగా తయారయ్యే ఏటీపీ లేదా దానికి సమానమైన జీటీపీ 4. పాత లెక్కలో ఎన్‌ఏడీహెచ్‌కు 3, ఎఫ్‌ఏడీహెచ్2కు 2 వేసుకునేవారు. 30, 4, 4 కలిపితే 38. ఆ మూడు, రెండు పూర్ణాంకాలు కావాలన్న ఊహ మీద నిలబడ్డవి. 1961లో పీటర్ మిచెల్ వేరే మాట చెప్పాడు. ఎలక్ట్రాన్లు ఒకరి చేతి నుంచి మరొకరికి వెళ్లేటప్పుడు ఆ శక్తితో ప్రోటాన్లు మైటోకాండ్రియా లోపలి పొర బయటికి వెళతాయని, అవి తిరిగి లోపలికి వచ్చే ఒత్తిడితోనే ఏటీపీ తయారవుతుందని అన్నాడు. తోటి శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. 1978లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చెప్పింది నిజమైతే ఏటీపీ సంఖ్య పూర్ణాంకం కావాల్సిన పనే లేదు. ఒక ఎన్‌ఏడీహెచ్ ఎలక్ట్రాన్లు సుమారు 10 ప్రోటాన్లను బయటికి పంపుతాయి. ఒక ఏటీపీని తయారుచేసి మైటోకాండ్రియా బయటికి చేర్చడానికి సుమారు 4 ప్రోటాన్లు ఖర్చవుతాయి. పదిని నాలుగుతో భాగిస్తే 2.5. ఎఫ్‌ఏడీహెచ్2 ప్రోటాన్లను బయటికి తోసే మొదటి పంపును తాకకుండా మధ్యలో చేరుతుంది కాబట్టి దానికి 6 ప్రోటాన్లే, అంటే 1.5. ఇప్పుడు కూడితే 25, 3, 4 కలిసి 32. గ్లైకాలిసిస్‌లో పుట్టిన రెండు ఎన్‌ఏడీహెచ్‌లు సైటోప్లాజంలో ఉంటాయి, పొర దాటలేవు. వాటి ఎలక్ట్రాన్లు కొన్ని కణజాలాల్లో ఎఫ్‌ఏడీహెచ్2 దారిన లోపలికి వెళతాయి. అక్కడ రెండు ఏటీపీలు తగ్గి 30 అవుతుంది.

ఈ ఒక్క కూడికలో ఎలక్ట్రాన్ రవాణా, సైటోప్లాజంలోని ఎలక్ట్రాన్లను లోపలికి చేర్చే షటిల్ వ్యవస్థ, ఏటీపీని తయారుచేసే ఎంజైమ్ ఏటీపీ సింథేజ్ మూడూ వచ్చేశాయి. పరీక్షలో మూడు వేరు వేరు ప్రశ్నలుగా అడిగేవి ఇవే. లెక్క చేసిన విద్యార్థి వీటిని విడివిడిగా గుర్తుపెట్టుకోనవసరం లేదు. ఇంకో అడుగు ముందుకేసి, ప్రామాణిక పరిస్థితుల్లో ఏటీపీ విడగొడితే వచ్చే శక్తి మోల్‌కు 30.5 కిలోజౌళ్లు, గ్లూకోజ్‌ను పూర్తిగా మండిస్తే వచ్చేది దాదాపు 2,840 కిలోజౌళ్లు అని తెలిస్తే, 32 ఏటీపీలంటే మూడో వంతు శక్తి పట్టుబడిందని తనే తేల్చుకోగలడు. మిగతాది వేడి. శరీరం వెచ్చగా ఉండటానికి కారణం కూడా అక్కడే దొరుకుతుంది. కణం లోపలి పరిస్థితులు ప్రామాణికం కావు కాబట్టి అసలు సామర్థ్యం ఇంతకంటే ఎక్కువే ఉంటుందన్న తర్వాతి పాఠం కూడా అప్పుడు తేలిగ్గా ఎక్కుతుంది.

లాగరిథం అంటే భయపడే పిల్లలకు ఇంకా పెద్ద అడ్డంకి ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్, దాన్ని నిలకడగా ఉంచే బఫర్ల పాఠం. హెండర్సన్–హాసెల్‌బాల్క్ సమీకరణాన్ని రాసి, నిర్వచనం రాసి, మార్కులు తెచ్చుకుని ముందుకు పోయేవారే ఎక్కువ. రక్తంలో అది ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చేసి చూపిస్తే ఆ సమీకరణం ఇక మర్చిపోరు. రక్తంలో బైకార్బొనేట్ లీటరుకు 24 మిల్లీమోల్‌లు, కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ 1.2. నిష్పత్తి 20. ఇరవైకి లాగ్ 1.3. ఆ ఆమ్లానికి స్థిరాంకమైన పీకేఏ 6.1తో కలిపితే 7.4. అది ఆరోగ్యవంతుడి రక్తం. ఇన్సులిన్ అందని డయాబెటిస్ రోగిలో కీటోన్ ఆమ్లాలు పేరుకుని బైకార్బొనేట్ 12కు పడిపోయిందనుకుందాం. నిష్పత్తి 10, లాగ్ 1, పీహెచ్ 7.1. అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి. అప్పుడు రోగి లోతుగా, వేగంగా ఊపిరి తీస్తుంటాడు. బయటికి అది ఆయాసంలా కనిపిస్తుంది. ఆ శ్వాస వల్ల కార్బన్ డయాక్సైడ్ 0.8కి తగ్గిందంటే నిష్పత్తి 15కు పెరిగి పీహెచ్ దాదాపు 7.28కి వస్తుంది. శరీరం ఆ భిన్నంలో కింది అంకెను తగ్గించి తనను తాను కాపాడుకుంటోంది. వార్డులో మంచం పక్కన కనిపించే లక్షణాన్ని కాగితం మీద రెండు వరసల్లో వివరించగల సబ్జెక్టు ఇది. దీన్ని నిర్వచనాలకు కుదించడం విద్యార్థికి అన్యాయం చేయడమే.

ఎంజైముల పాఠం కూడా అంతే. ఎంజైమ్ వేగం మీద 1913లో మైకేలిస్, మెంటెన్ ఇచ్చిన సమీకరణాన్ని గ్రాఫు బొమ్మతో సరిపెడతారు. కల్తీ సారా తాగి చూపు పోయినవారి వార్తలు మన దగ్గర కొత్త కాదు. అందులోని మిథనాల్‌ను కాలేయంలోని ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ ఫార్మాల్డిహైడ్‌గా మారుస్తుంది. అది ఫార్మిక్ ఆమ్లమై కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుళ్లలో ఇథనాల్ ఒకటి. అదే ఎంజైమ్‌కు ఇథనాల్ మీద మిథనాల్ కంటే ఎంతో ఎక్కువ మక్కువ, అంటే కేఎం (ఎంజైమ్ సగం వేగం అందుకునే గాఢత) తక్కువ. ఇథనాల్ ఆ చోటు ఆక్రమించి ఉన్నంతసేపూ మిథనాల్ విషంగా మారకుండా మూత్రంలో, ఊపిరిలో బయటికి పోతుంది. కేఎం అంటే ఏమిటో ఈ ఒక్క ఉదాహరణతో తెలిసినంతగా నిర్వచనంతో తెలియదు.

ఇక ల్యాబ్. బయోకెమిస్ట్రీ చదువులో సగం అక్కడే ఉంది, ఎక్కువ నష్టం జరుగుతున్నదీ అక్కడే. దాదాపు ప్రతి యూనివర్సిటీ ప్రాక్టికల్స్ జాబితాలో ఉండే ఒక ప్రయోగం ఫాస్ఫరస్ పరిమాణం కనుక్కోవడం. దాని పేరు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ చేరి, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఈ పద్ధతిని ప్రచురించారు. వందేళ్లు దాటినా తెలుగు పిల్లలు రికార్డులో ఆయన పేరు రాస్తూనే ఉన్నారు. ఆ పేరు వెనకాల ఉన్న కథ మాత్రం ఎక్కువ క్లాసుల్లో వినిపించదు.

ప్రయోగం ఇలా సాగుతుంది. రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవమైన సీరమ్‌కు ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం కలిపి ప్రోటీన్లను కిందికి దించి వడగడతారు. వడగట్టిన ద్రవానికి ఆమ్లంలో కరిగించిన అమోనియం మాలిబ్డేట్ కలుపుతారు. ఫాస్ఫేటు దానితో కలిసి ఫాస్ఫోమాలిబ్డేట్ అవుతుంది. తర్వాత ఏఎన్‌ఎస్‌ఏ అనే క్షయకరణి (ఎలక్ట్రాన్లు ఇచ్చే రసాయనం) వేస్తే నీలం రంగు తేలుతుంది. పది నిమిషాలు ఆగి, రంగు గాఢతను కొలిచే కలరిమీటర్లో 660 నానోమీటర్ల కాంతి దగ్గర చదువుతారు. తెలిసిన గాఢతల ట్యూబులతో స్టాండర్డ్ గ్రాఫు గీసి, తెలియని నమూనా విలువను దాని మీద వెతుకుతారు. పెద్దల్లో 100 మిల్లీలీటర్ల సీరమ్‌కు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య రావాలి.

వినడానికి తేలిక. చేసేటప్పుడు మాత్రం ప్రతి అడుగూ ఒక పాఠం. ఫాస్ఫేటు ఉన్న సబ్బు పొడితో కడిగి సరిగా తొలచని ట్యూబులో నమూనా లేకుండానే నీలం తేలుతుంది. నమూనా వేయని బ్లాంక్ ట్యూబు ఎందుకు పెడతారో అప్పుడు తెలుస్తుంది. రంగు మరీ ముదిరితే గ్రాఫు గీత వంగిపోతుంది, నమూనాను పలచన చేసి మళ్లీ చదవాలి, చివర్లో పలచన చేసిన మేరకు హెచ్చించడం మర్చిపోకూడదు. పైపెట్ కొన ట్యూబు గోడకు ఆనించకుండా చుక్కలు వదిలినవారి గ్రాఫులో చుక్కలు గీత మీద నిలవవు. ఇవన్నీ చేతికి రావాలంటే ఒక్కొక్కరూ స్వయంగా చేయాలి. చాలా కాలేజీల్లో జరిగేది వేరు. పది పదిహేను మంది ఒక బ్యాచ్, ఒకరు పైపెట్ పట్టుకుంటారు, మిగతావాళ్లు చూస్తారు. విలువ అటూ ఇటూ అయితే సీనియర్ రికార్డులోంచి ‘వాల్యూ’ ఎత్తి రాస్తారు. గ్రాఫు ముందు గీసి, చుక్కలు తర్వాత పెడతారు. సరైన విలువకే మార్కులు వేసే పద్ధతి ఉన్నంతకాలం పిల్లల్ని మాత్రమే తప్పుపట్టి లాభం లేదు.

అసలు సుబ్బారావు గొప్పతనం ఎక్కడ బయటపడిందంటే, సరిగా రాని రీడింగును ఆయన పారేయకపోవడంలో. కండరం నుంచి తీసిన ద్రవాల్లో ఫాస్ఫేటు కొలిచినప్పుడు నీలం రంగు మామూలుగా తేలాల్సినంత త్వరగా తేలలేదు. మెల్లగా, నిమిషాలు గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది. ఇవాళ్టి ల్యాబులో అయితే ‘రియాజెంట్ పాడైంది’ అని పక్కన పెట్టేస్తారు. ఫిస్కే, సుబ్బారావు మాత్రం ఆ ఆలస్యం వెంటపడ్డారు. కండరంలో ఉన్నది మామూలు ఫాస్ఫేటు కాదని, ఆమ్లం తగిలితే మెల్లగా విడిపోయే ఏదో పదార్థమని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా వేరే దారిలో దాన్నే చేరుకున్నారు. కండరం కదలికకు శక్తి గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడం నుంచే వస్తుందని అప్పటిదాకా ఉన్న నమ్మకం కదిలింది. రెండేళ్లకు, 1929లో, హార్వర్డ్‌లో వీరు, జర్మనీలో కార్ల్ లోమన్ ఏటీపీని వేరుచేశారు. తర్వాత అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో సుబ్బారావు నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను సంశ్లేషించింది. దాని రూపాన్ని కొద్దిగా మార్చి ఎంజైమ్‌ను ఏమార్చే అమైనోప్టెరిన్‌ను, ఆ వెంటే మెథోట్రెక్సేట్‌ను తయారుచేసింది. రక్తక్యాన్సర్ పిల్లల మీద అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1947లో మొదట వాడింది ఈ అమైనోప్టెరిన్‌నే.

ఒక్క మనిషి పనిలో కలరిమెట్రీ, ఏటీపీ, విటమిన్లు, ఎంజైమ్ నిరోధకాలు అన్నీ వచ్చాయి. బీఎస్సీలో ఇవి నాలుగు వేరు సెమిస్టర్లలో, నాలుగు వేరు యూనిట్లలో, ఒకదానితో ఒకటికి సంబంధం లేనట్టు వస్తాయి. సిలబస్‌ను అలా ముక్కలు చేయక తప్పకపోవచ్చు. ముక్కల మధ్య దారాన్ని చూపించడం మాత్రం చెప్పేవాళ్ల పని. భీమవరం పేరు చెబితే క్లాసులో తలలెత్తే పిల్లలున్న చోట ఆ పని మరీ తేలిక.

ఈ సబ్జెక్టుకు ప్రశ్నలు విదేశాల నుంచే రావాలనేమీ లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. జొన్నలే ప్రధాన ఆహారమైన దక్కన్ పేదల్లో పెల్లాగ్రా ఎందుకు వస్తోందన్నది అక్కడివారు ఎదుర్కొన్న ప్రశ్న. పెల్లాగ్రా అంటే నియాసిన్ అనే విటమిన్ లోపంతో వచ్చే జబ్బు. శరీరం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా నియాసిన్ తయారుచేసుకోగలదు, 60 మిల్లీగ్రాములకు 1 మిల్లీగ్రాము చొప్పున. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ కాబట్టి అది తినేవారికి జబ్బు రావడం అర్థమవుతుంది. జొన్నలో మరీ అంత తక్కువ కాదు. మరి జబ్బెందుకు? జొన్నలో ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే కారణం కావచ్చని 1960లో ఆ సంస్థ శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా ప్రతిపాదించారు. దాని మీద ఆ తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి, అందరూ ఒప్పుకోలేదు. అయినా జొన్నరొట్టె నుంచి అమైనో ఆమ్లాల సమతౌల్యం దాకా వెళ్లిన ఆ ఆలోచన తీరు బయోకెమిస్ట్రీ విద్యార్థి నేర్చుకోవాల్సిన మొదటి విషయం. ఆ సంస్థ ఉస్మానియా క్యాంపస్ పక్కనే ఉంది. హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా దగ్గరే. 1977లో ఏర్పడిన ఆ సంస్థ ప్రాంతీయ పరిశోధనాలయంలోని బయోకెమిస్ట్రీ విభాగం నుంచే పుట్టింది.

డిగ్రీ తర్వాత దారుల గురించి తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఉద్యోగం. దాచకుండా చెప్పాలంటే, బీఎస్సీ బయోకెమిస్ట్రీ ఒక్కదానితో ఆ సబ్జెక్టులోనే మంచి ఉద్యోగం దొరకడం కష్టం. డయాగ్నొస్టిక్ ల్యాబులు టెక్నీషియన్ పనికి ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చదివినవాళ్లను చూస్తాయి. మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ విభాగాలు మామూలు రసాయన మందుల విషయంలో కెమిస్ట్రీ, ఫార్మసీ వాళ్లవైపు మొగ్గుతాయి. హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్, ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను గమనించే పని) కంపెనీలు లైఫ్ సైన్సెస్ డిగ్రీ ఉన్నవారిని తీసుకుంటాయి, చాలామంది అటే వెళుతున్నారు. అది గౌరవమైన పనే, కానీ ల్యాబులో నేర్చుకున్నది అక్కడ అక్కరకు రాదు. బయోకెమిస్ట్రీ చదివినవారికి నిజంగా చోటున్నది ప్రోటీన్లను మందులుగా తయారుచేసే రంగంలో. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బీ టీకాను దేశంలో తొలిసారి రీకాంబినెంట్ (జన్యువును వేరే జీవిలో పెట్టి ప్రోటీన్ తయారుచేసే) పద్ధతిలో తెచ్చింది. 2007లో డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందుకు దాదాపు సమానమైన రూపాన్ని, అంటే బయోసిమిలర్‌ను విడుదల చేసింది. ఇలాంటి చోట్ల ప్రోటీన్‌ను శుద్ధి చేయడం, దాని చురుకుదనం కొలవడం రోజువారీ పని. దానికి ఎంఎస్సీ కావాలి, అంతకంటే ముఖ్యంగా చేతికి పని వచ్చి ఉండాలి.

ఎంఎస్సీకి తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్లకు సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాయాలి. ఐఐటీల వైపు చూసేవారికి జామ్ ప్రవేశ పరీక్షలో బయోకెమిస్ట్రీ పేరుతో పేపరు లేదు, బయోటెక్నాలజీ పేపరు రాస్తారు. పరిశోధనలోకి వెళ్లాలంటే సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్ష రాయాలి. 200 మార్కుల ఆ పరీక్షలో సగం మార్కులు పార్ట్ సీవి. అక్కడ ఒక్కో ప్రశ్నకు 4 మార్కులు, 75లో 25 రాస్తే చాలు. ఒక గ్రాఫు ఇస్తారు, ప్రోటీన్లనో డీఎన్‌ఏనో విడదీసి చూపే జెల్ చిత్రం ఇస్తారు, ఈ ఫలితం నుంచి ఏం తేల్చవచ్చు అని అడుగుతారు. మూడేళ్లు బట్టీతో నెట్టుకొచ్చినవాళ్లు తడబడేది సరిగ్గా అక్కడే. కోచింగ్ సెంటర్లో ఏడాది కూర్చున్నా ఆ అలవాటు అంత తేలిగ్గా పోదు. ఆ పరీక్షతో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు ఇస్తారు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పట్టడం మామూలే. ఇంట్లో త్వరగా సంపాదన అవసరమున్నవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఎంఎస్సీ చివరి ప్రాజెక్టు విషయంలో మన దగ్గర ఒక చెడ్డ అలవాటు పాతుకుపోయింది. డబ్బులు తీసుకుని, ప్రయోగం చూపించి, రిపోర్టు కూడా చేతిలో పెట్టే ప్రైవేటు సెంటర్లు నగరంలో ఉన్నాయి. కాలేజీలో స్పెక్ట్రోఫోటోమీటర్ పనిచేయనప్పుడు, గైడుకు తీరిక లేనప్పుడు పిల్లలు అటే వెళతారు. ఆ రిపోర్టు మీద ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న అడిగితే జవాబు ఉండదు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ బీఎస్సీ, ఎంఎస్సీ చదివేవారికి నిజమైన పరిశోధనాలయంలో రెండు నెలలు పనిచేసే అవకాశం కల్పిస్తుంది, భత్యం కూడా ఇస్తుంది. దరఖాస్తులో ఏం చేయాలనుకుంటున్నారో ఒక పేజీ రాయాలి. ఆ పేజీ రాయడానికి జంకి అసలు దరఖాస్తే చేయని పిల్లలు ఎందరో. అధ్యాపకులు ఒక సాయంత్రం పక్కన కూర్చుని రాయిస్తే చాలు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకులు, బిల్డింగులు చూడటం కంటే అక్కడ చదువుతున్న రెండో ఏడాది పిల్లల్ని నాలుగు ప్రశ్నలు అడగడం మేలు. కలరిమీటర్ మీద మీరే స్వయంగా రీడింగ్ తీశారా? సెంట్రిఫ్యూజ్ నడుస్తోందా? బఫర్ మీరే లెక్కకట్టి కలుపుకుంటారా, అటెండర్ కలిపి పెడతాడా? విలువ తేడా వస్తే ఎందుకొచ్చిందో రికార్డులో రాయనిస్తారా, దిద్దిస్తారా? రాయనిచ్చే కాలేజీ ఊళ్లో కొంచెం దూరమైనా, ఫీజు కొంచెం ఎక్కువైనా, వీలైతే దానికే వెళ్లాలి.